మూతి వంకర పోయిందా? ముందు నుదురు చూడండి!

ఈరోజు న్యూరాలజీ రివిజన్‌లో ఒకే ఒక్క కేసు. నేను బీటెక్ వాణ్ణి, డాక్టర్‌ని కాదు. మా చెల్లి నీట్ పీజీకి చదువుతుంటే ప్రశ్నలు అడిగీ అడిగీ నాకూ ఎక్కేసింది. ఇదంతా పరీక్ష కోసమే. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే వీడియో ఆపి 108కి ఫోన్ చేయండి.

58 ఏళ్ల మనిషి. బీపీ, షుగర్ ఉన్నాయి. పొద్దున 6కి లేచేసరికి మూతి ఎడమవైపు లాగేసింది. స్ట్రోకా, బెల్స్ పాల్సీనా?

బీపీ అనగానే స్ట్రోక్ టిక్ పెట్టేస్తారు చాలామంది. ఆగండి! ముందు కనుబొమలు పైకెత్తమనండి. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ సిగ్నల్ వస్తుంది. మూతికి ముఖ్యంగా ఎదురు వైపు నుంచే. మా సాఫ్ట్‌వేర్ భాషలో, నుదుటికి బ్యాకప్ సర్వర్ ఉంది, మూతికి లేదు. అందుకే మెదడు పైభాగంలో స్ట్రోక్ వస్తే మూతి జారినా నుదుటి ముడతలు పడతాయి. బెల్స్‌లో దెబ్బతినేది ఏడో నరమే కాబట్టి కనుబొమ లేవదు, కన్ను మూతపడదు.

ఇక్కడో ట్రాప్ ఉంది. పాన్స్‌లో స్ట్రోక్ వస్తే నుదురు కూడా పడిపోవచ్చు. కాబట్టి చేయి, కాలు, మాట, కంటి కదలిక చూడకుండా బెల్స్ అనొద్దు. చెవిలో నీటి పొక్కులుంటే రామ్సే హంట్.

బెల్స్‌కి 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్. కంటికి చుక్కలు, రాత్రి టేపు. ఈ కన్ను సంగతే అందరూ మర్చిపోతారు.

స్ట్రోక్ అనుకుంటే ముందు గ్లూకోజ్, ఎందుకంటే షుగర్ పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. తర్వాత కాంట్రాస్ట్ లేని సీటీ. అది రక్తస్రావం ఉందో లేదో చూడ్డానికి. మొదటి గంటల్లో సీటీ నార్మల్‌గా ఉన్నా స్ట్రోక్ కాదనడానికి లేదు, ఆ ఆప్షన్ కొట్టేయండి. రక్తస్రావం లేకపోతే, 4.5 గంటల్లోపు ఆల్టెప్లేజ్: కిలోకి 0.9 మిల్లీగ్రాములు, 90 దాటకూడదు. అందులో 10 శాతం ఒకేసారి, మిగతాది గంటలో. బీపీని ముందు 185/110 కంటే తగ్గించాలి.

మన ఊళ్లలో ఈ గంటలే పసరు మందు చుట్టూ తిరగడంలో పోతాయి. పసరు పోయించుకుని వచ్చేసరికి ఇంజెక్షన్ టైమ్ అయిపోతుంది.

ఇంకోటి, ఆ 4.5 గంటలు లేచి చూసుకున్నప్పటి నుంచి కాదు, ఆఖరిసారి బాగున్నప్పటి నుంచి లెక్క. రాత్రి 10కి పడుకున్నాడంటే పొద్దున 6కే 8 గంటలు! అప్పుడు ఎంఆర్ఐ చూసి నిర్ణయించాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే, కొందరికి 24 గంటల వరకూ గడ్డను లాగి తీసే థ్రాంబెక్టమీ చేయొచ్చు.

సరే, మన పేషెంట్ దగ్గరికొద్దాం. కనుబొమలు రెండూ లేచాయి. కుడి చేయి జారుతోంది. అంటే మెదడు ఎడమవైపు స్ట్రోక్. టైమ్ ఉదయం 7. రాత్రి 10కే పడుకున్నాడని కొడుకు అంటున్నాడు. భార్యని అడిగితే, "5 గంటలకి లేచి నీళ్లు తాగారు, నాతో బాగానే మాట్లాడారు" అంది.

అంటే రెండు గంటలే అయింది. సీటీకి పంపండి.