తోటను ఎవరికి అప్పగిస్తాం?

యాంగోన్ నగరంలోని లైంగ్‌థార్యార్ నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడి కుట్టు ఫ్యాక్టరీల కంప్యూటర్ పనులు చూస్తుంటాను. మా వృత్తిలో పని మరొకరికి అప్పగించేటప్పుడు అన్నీ రాసిపెట్టి వెళ్ళాలి. ఒక తోట కోసం అలా రాసిపెట్టినావిడ గురించి చెబుతాను.

ఆవిడ పేరు బియాట్రిక్స్ ఫారండ్. 1899లో అమెరికా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘం స్థాపించిన 11 మందిలో ఏకైక మహిళ. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ తోటకు 1921 నుంచి రూపకల్పన చేశారు. 1940లో యజమానులు ఆ తోటను హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఏ మొక్క ఎందుకు పెట్టారో, ఎలా కత్తిరించాలో, చచ్చిపోతే బదులు ఏం నాటాలో ఆవిడ వివరంగా రాసిచ్చారు. అది 1980లో పుస్తకంగా వచ్చింది. తోట ఈనాటికీ ఉంది.

మెయిన్ రాష్ట్రంలోని తన సొంత తోట రీఫ్ పాయింట్‌ను మాత్రం, తన తర్వాత సరిగా చూసుకుంటారన్న నమ్మకం లేక, 1955లో ఆవిడే తీయించేశారు. మొక్కలు కొన్ని అదే దీవిలోని ఆస్టికూ తోటకు చేరి బతికాయి.

రాజమండ్రిలో మా పెరట్లో సంపెంగ, పారిజాతం ఉన్నాయి. వాటి సంగతులు అమ్మకే తెలుసు. అమ్మకు ఈమధ్య మరుపు వస్తోంది. అందుకే ఆదివారాలు ఫోన్లో అడిగి రాసుకుంటున్నాను. మీరూ మీ ఇంట్లో అడగండి. సెలవు.