ఎంచడం ఒక విద్య, పెంచడం ఇంకో విద్య
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి 50 ఏళ్ళు నిండిన సందర్భంగా కార్యవర్గం ఒక మంచి నిర్ణయం తీసుకుంది. బడి గ్రౌండుకి ఒక కోచ్‌ని పెట్టాలి, సాయంత్రం పూట పిల్లలకి ఆటలు నేర్పించాలి, ఆయన జీతం సంఘం ఇవ్వాలి. తీర్మానం ముసాయిదా నాకూ పంపారు. చదివి చాలా సంతోషించాను. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగాను. ఏడాది చివర జిల్లా పోటీల్లో వచ్చిన బహుమతుల్ని బట్టి కోచ్ పనితీరు సమీక్షిస్తామని అందులో ఉంది. కార్యదర్శి గారికి ఫోన్ చేసి ఈ మాట ఎత్తితే, "ఫోన్‌లో ఎందుకండీ, సభలోనే చెప్పండి. అక్కడ మీవాళ్ళు ఎలా చేస్తారో కూడా చెప్పండి" అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆటలతో నాకు పెద్ద సంబంధం లేదు. ఈ బడిలో కబడ్డీ ఆడితే మొదటి కూతకే బయటికి వచ్చేవాణ్ణి. కానీ అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మామూలు విషయం కాదు. మన ఫుట్‌బాల్ వేరు, వాళ్ళది వేరు. కోడిగుడ్డులాంటి బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట అది. శనివారం మ్యాచ్ ఉంటే ఊరంతా తిరునాళ్ళే. పెద్ద స్టేడియాల్లో లక్షమంది కూర్చుంటారు. పై స్థాయిలో 130కి పైగా కాలేజీ జట్లున్నాయి. ఒక్కో జట్టుకి ఒక హెడ్ కోచ్, ఆయన కింద అసిస్టెంట్ కోచ్‌లు. బంతి విసిరేవాడికి ఒకరు, పరుగెత్తేవాళ్ళకి ఒకరు, అడ్డుగోడలా నిలబడే లైన్‌మన్లకి ఒకరు. లైన్‌మన్ అంటే కరెంటు స్తంభం ఎక్కేవాడు కాదండోయ్! బంతి విసిరేవాడి మీదికి ఎవరూ రాకుండా కాచే ఐదుగురు భారీ మనుషులు. పేరు పేపర్లో రాదు. పొరపాటు జరిగితే మాత్రం అందరికీ కనబడతారు.

ఈ అసిస్టెంట్ కోచ్‌కి రెండు పనులు. ఒకటి, హైస్కూళ్ళు తిరిగి, పిల్లల ఆట చూసి, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, తల్లిదండ్రుల్ని ఒప్పించి కాలేజీకి తీసుకురావడం. దాన్ని రిక్రూటింగ్ అంటారు. రెండు, వచ్చినవాడికి ఆట నేర్పడం. మన మాటల్లో చెప్పాలంటే ఎంచడం, పెంచడం. ఈ రెండూ ఒకే మనిషి చేస్తాడు. కానీ ఇవి రెండు వేరు వేరు విద్యలు. ఒకటి బాగా వచ్చినవాడికి రెండోది రావాలని లేదు.

ముందు ఎంచడం సంగతి చూద్దాం. అక్కడ హైస్కూలు ఆటగాళ్ళకి నక్షత్రాలు ఇచ్చే సంస్థలున్నాయి. బాగా ఆడేవాడికి ఐదు నక్షత్రాలు, తర్వాతివాడికి నాలుగు, అలా కిందికి. ఏ కాలేజీ ఎన్ని నక్షత్రాలు పోగేసిందో ఏటా జాబితాలు వేస్తారు. ఎక్కువ నక్షత్రాలు తెచ్చిన కోచ్‌ని గొప్ప రిక్రూటర్ అంటారు. ఐదు నక్షత్రాలవాళ్ళు ఎక్కువగా ఉన్న జట్లు ఎక్కువ గెలుస్తాయి, అది నిజమే, కాదనను. కానీ ఐదు నక్షత్రాలవాడి వెంట అందరూ పడతారు. అతణ్ణి గుర్తించడానికి కోచ్ కన్ను అక్కర్లేదు, పేపరు చదివితే చాలు. అసలు కన్ను తెలిసేది ఎవరికీ పట్టని పిల్లవాడి దగ్గర.

కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న ఊళ్ళో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన జాష్ అలెన్ అనే కుర్రాడికి హైస్కూలు అయ్యాక పై స్థాయి కాలేజీల్లో ఒక్కటి కూడా సీటివ్వలేదు. రీడ్లీ అనే రెండేళ్ళ కాలేజీలో ఆడాడు. తర్వాత వయోమింగ్ యూనివర్సిటీ తీసుకుంది. 2018లో వృత్తి జట్లు ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్టులో అతను 7వ వాడుగా వెళ్ళాడు. 2024 సీజనుకి ఆ లీగులో అత్యుత్తమ ఆటగాడి బహుమతి అందుకున్నాడు. వయోమింగ్ వాళ్ళు చూసింది అతను అప్పటికి ఏమిటన్నది కాదు, రేపు ఏమవగలడన్నది. నక్షత్రాల లెక్కలో ఈ చూపుకి మార్కులుండవు.

కనుక ఎంచే శక్తిని తూచాలంటే కొన్ని ప్రశ్నలు వేయాలి. ఇతను తెచ్చినవాళ్ళలో ఎంతమంది చివరిదాకా నిలిచారు? మిగతా కాలేజీలు వద్దన్నవాళ్ళలో ఎంతమంది ఆటగాళ్ళయ్యారు? ఇంటికెళ్ళి తల్లికిచ్చిన మాట నిలబెట్టుకున్నాడా? ఈ చివరి ప్రశ్న ఇప్పుడు మరీ ముఖ్యం. ఎందుకంటే 2018 నుంచి అక్కడ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటొచ్చింది. నచ్చకపోతే ఆటగాడు అందులో పేరు రాయించుకుని ఇంకో కాలేజీకి వెళ్ళవచ్చు. తీపి మాటలతో తెచ్చుకున్నవాడు ఏడాది తిరగకుండా వెళ్ళిపోతాడు.

ఇక పెంచడం. దీన్ని తూచడం ఇంకా కష్టం, ఎందుకంటే గెలుపు పలక మీద రెండూ కలిసిపోయి కనబడతాయి. జట్టు గెలిస్తే అది మంచి పిల్లలు దొరకడం వల్లా, మంచిగా నేర్పడం వల్లా? ఒహాయో స్టేట్‌లో జోయీ బోసా అనే ఆటగాడు 2013లో చేరాడు. అప్పుడు ఆ విభాగం కోచ్ మైక్ వ్రేబెల్. ఆయన 2014 మొదట్లో వెళ్ళిపోతే లారీ జాన్సన్ వచ్చారు. ఈ జాన్సన్ గారు కాలేజీకి రాకముందు ఏళ్ళ తరబడి హైస్కూలు కోచ్‌గా పనిచేసిన మనిషి. 2016 డ్రాఫ్టులో బోసా 3వ వాడుగా వెళ్ళాడు. ఈ గొప్ప ఎవరిది? తెచ్చినవారిదా, తర్వాత రెండు సీజన్లు చెక్కినవారిదా? ఇద్దరిదీ. అయితే పేరు రాసేటప్పుడు మనం ఒక్కరిదే రాస్తాం.

నేర్పే శక్తి చూడాలంటే గెలుపు పలక వదిలేసి వీడియో చూడాలి. ఒకే ఆటగాడి మొదటి ఏడు వీడియో, మూడో ఏడు వీడియో పక్కపక్కన పెట్టాలి. లైన్‌మన్‌కి మొదటి అడుగు ప్రాణం. జానెడు అడుగు సరిగ్గా పడిందా, మోకాళ్ళు వంగాయా, చేతులు ఎదుటివాడి ఛాతీ మీద లోపలివైపుకి పడ్డాయా? మొదటి ఏడు చేసిన తప్పే మూడో ఏడూ చేస్తుంటే ఎవరూ నేర్పలేదన్నమాట. ఇంకో పరీక్ష ఉంది. ముఖ్య ఆటగాడికి దెబ్బ తగిలి బయటికి వెళ్తే, బెంచి మీది నుంచి వచ్చినవాడు ఎలా ఆడాడు? బెంచి మీదవాడికి కూడా నేర్పినవాడే అసలైన మాస్టారు.

ఇప్పుడు నేను కళ్ళారా చూసిన ఒక సంగతి. నేనెరిగిన ఒక జట్టు వరసగా ఓడింది. హెడ్ కోచ్‌ని తీసేశారు. కొత్తగా వచ్చినాయన పాత అసిస్టెంట్లలో ఎవర్ని ఉంచాలో తేల్చుకోవాలి. అక్కడ పద్ధతి అది. తల మారితే చేతులూ మారతాయి, తప్పు ఎవరిదైనా సరే. అసిస్టెంట్ల పని లెక్కగట్టి చూడడానికి లెక్కలవాడు కావాలని నన్ను పిలిచారు.

అందులో లైన్‌మన్ల కోచ్ ఒకాయన ఉన్నారు. ఆయన తెచ్చినవాళ్ళకి నక్షత్రాలు తక్కువ, అంతా చిన్న ఊళ్ళ పిల్లలు. కాగితం మీద ఆయన పేరు అట్టడుగున ఉంది. కానీ వీడియోలు వేసి చూస్తే, మొదటి ఏడు తడబడినవాళ్ళు మూడో ఏడు కొండల్లా నిలబడ్డారు. ఆయన తెచ్చినవాళ్ళలో దాదాపు ఎవరూ వెళ్ళిపోలేదు. ఒక కుర్రాణ్ణి అడిగాను, మీ కోచ్‌లో గొప్ప ఏమిటని. "ఏం చెయ్యాలో అందరూ చెబుతారు. ఎందుకు చెయ్యాలో ఈయన చెబుతారు" అన్నాడు. నా నివేదికలో ఈ మాట కూడా చేర్చాను.

ఆయన్ని ఉంచలేదు. కొత్త హెడ్ కోచ్ తన మనిషిని తెచ్చుకున్నారు. ఈయన భార్యాపిల్లలతో సామాను కట్టుకుని ఇంకో రాష్ట్రం వెళ్ళిపోయారు. మరుసటేడు ఆ జట్టు కాస్త బాగుపడింది. అందరూ మెచ్చుకున్నది ఆ లైన్‌మన్లనే. వాళ్ళంతా పాతాయన తెచ్చి, పాతాయన నేర్పిన పిల్లలు. పేరు కొత్తాయనకి వచ్చింది. నేర్పే పనిలో ఉన్న కష్టం ఇదే. ఫలితం ఆలస్యంగా వస్తుంది, వచ్చేసరికి నేర్పినవాడు అక్కడ ఉండడు.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మన దగ్గర ఫలితాలు వచ్చిన రోజు టీవీ పెడితే "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, రెండు" అని ర్యాంకులు హోరెత్తిపోతాయి. పదో తరగతిలో మొదటి మార్కుల పిల్లల్ని ఫీజు తగ్గించి ముందే చేర్చుకుంటే ర్యాంకులు రాక ఏమవుతాయి? అది ఎంచడం. అందులో పెంచడం ఎంతో ప్రకటన చెప్పదు. ఇంకోపక్క మన బడిలో ఆరో తరగతికి వచ్చి కూడికలు తడుముకునే పిల్లవాణ్ణి పదో తరగతి గట్టెక్కించిన మాస్టారుంటారు. ఆయన ఫొటో ఏ ఫుల్‌పేజీ ప్రకటనలోనూ రాదు. ఇక్కడ కూర్చున్న మనలో చాలామందిమి అలా గట్టెక్కినవాళ్ళమే కదా!

రెండు విద్యలూ ఒకే మనిషిలో కలిసిన సందర్భం మన హైదరాబాదులోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం గారు, అందరికీ రహీం సాబ్, వృత్తిరీత్యా బడి పంతులు. ఆయన 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన చేతుల్లో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంని దేశపు మేటి ఆటగాళ్ళలో ఒకడిగా తీర్చిదిద్దింది ఆయనే. పిల్లల చేత అలవాటు లేని కాలితో ఆడించి, రెండు కాళ్ళూ సమానంగా పనిచేసేలా చేసేవారు. 1962 జకార్తాలో రక్షణలో ఆడే జర్నైల్ సింగ్ తలకి గాయమైతే, సెమీఫైనల్‌కి, ఫైనల్‌కి అతణ్ణి ముందు వరసలోకి పంపారు. రెండిట్లోనూ అతను గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. మనిషిలో ఇంకా బయటపడని సత్తాని పట్టుకోవడం ఎంచడం. ఆ సత్తాకి రూపమివ్వడం పెంచడం. పంతులు గనకే రెండూ వచ్చాయని నా నమ్మకం.

ఇక మన తీర్మానం దగ్గరికి వస్తాను. కప్పుల్ని బట్టి కోచ్‌ని తూస్తే ఆయనేం చేస్తాడు? జీతం నిలబెట్టుకోవాలి కదా. బలంగా ఉన్న పదిమందిని ఏరుకుని వాళ్ళకే నేర్పుతాడు. బక్కపలచని పిల్ల, బూట్లు లేని పిల్లవాడు గోడ పక్కన నిలబడి చూస్తుంటారు. తప్పు ఆయనది కాదు, మనం పెట్టిన తూకానిది.

కార్యవర్గానికి నా మనవి ఇది. జూన్‌లో గ్రౌండుకి వచ్చిన ప్రతి పిల్లవాడి, పిల్ల పరుగూ దూకుడూ ఒక నోటుపుస్తకంలో రాయించండి. సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీయించండి. మార్చిలో మళ్ళీ అదే పని చేసి రెండూ పక్కపక్కన పెట్టండి. జూన్‌లో వచ్చినవాళ్ళలో మార్చిదాకా ఎంతమంది నిలిచారో లెక్కపెట్టండి, ఆడపిల్లల్ని విడిగా లెక్కపెట్టండి. ఎవరూ పట్టించుకోని పిల్లల్ని ఎంతమందిని గ్రౌండుకి తెచ్చారో కోచ్‌నే అడగండి. మన డ్రిల్లు మాస్టారి అభిప్రాయం తీసుకోండి. ఆ తర్వాత కప్పులు చూడండి. కప్పులు వద్దనడం లేదు, చివర్లో చూడమంటున్నాను. ఒక్క ఏడాదికే తేల్చెయ్యకుండా కనీసం మూడేళ్ళు ఇవ్వండి. ఆ మూడేళ్ళ జీతంలో నా వాటా ఈ రోజే కోశాధికారి గారికి అందజేస్తున్నాను.

ఎంచుకుని చేర్చుకున్న బడి కాదు మనది. గేటు దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లనీ లోపలికి రానిచ్చిన బడి. ఆ గ్రౌండుకి వచ్చే కోచ్‌ని కూడా ఆ కొలతతోనే చూద్దాం.