పాటను చూసే కన్ను



రేడియోలో కూర్చుని కెమెరా గురించి చెప్పడమేమిటని నవ్వుకోకండి. 1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోల కోసమే ఎం.టి.వి. అనే ఛానెల్ మొదలైంది. అందులో వేసిన మొట్టమొదటి పాట సారాంశం ఏమిటో తెలుసా? వీడియో వచ్చి రేడియో గాయకుడి ప్రాణం తీసిందని! నలభై ఏళ్ళు దాటిపోయాయి. రేడియో బతికే ఉంది, మీరు వింటూనే ఉన్నారు. కాని ఒకటి నిజం. ఒకప్పుడు పాటంటే చెవితో వినేది. ఇప్పుడది కంటితో చూసేది కూడా అయింది.

పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది, గట్టు మీద ఆనించిన ఫోనులో పాట నడుస్తూ ఉంటుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జానపదాలు కూడా ఇప్పుడు వీడియోలుగా వస్తున్నాయి. 2020లో విడుదలైన ‘పలాస 1978’ సినిమాలోని నక్కిలీసు గొలుసు పాట ఫోనుల ద్వారా ఎంత దూరం పోయిందో మీకు తెలుసు. అలాంటివి చూసి బాగుందనో, ఏదోలా ఉందనో అంటాం. ఎందుకు అలా ఉందంటే మాత్రం తడుముకుంటాం. కూర నోట పెట్టగానే ఉప్పెక్కువైందో, పోపు మాడిందో ఇట్టే చెప్పే మనం, పాట చూసినప్పుడు ఆ మాత్రం చెప్పలేమా? చెప్పగలం. నాలుగు సంగతులు తెలిస్తే చాలు.

మొదటిది, పాట ముందు పుడుతుంది, బొమ్మ తర్వాత పుడుతుంది. టాకీలు వచ్చిన కొత్తలో నటులే కెమెరా ముందు నిలబడి పాడుకునేవారు. వాద్యగాళ్ళు ఏ చెట్టు చాటునో, తెర వెనకో దాక్కునేవారు. మైకు ఒకచోట ఉండాలి గనుక మనిషీ కదలరాదు, కెమెరా కూడా కదలరాదు. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారు పాటను ముందే రికార్డు చేసి, చిత్రీకరణలో దాన్ని వినిపించి పెదవులు కదిపించే పద్ధతి తెచ్చారు. దాన్నే ప్లేబాక్ అంటున్నాం. అప్పుడు కెమెరాకు కాళ్ళు వచ్చాయి. నేటికీ ఇదే పద్ధతి. ఒకే చరణాన్ని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి, పక్క నుంచి మరోసారి తీస్తారు. వాటిని ముక్కలు చేసి పాట వెంట అతుకుతారు. కనుక మీరు చూసే మూడు నిమిషాల ఆట వెనక ఒక పిల్ల పొద్దుట నుంచి పొద్దుగూకేదాకా ఎండలో అదే అడుగు ఇరవైసార్లు వేసి ఉండవచ్చు.

రెండో సంగతి దూరం. కెమెరా మనిషి మొత్తాన్ని చూపుతోందా, నడుము వరకా, ముఖమేనా? ముఖం చూపితే మనసు తెలుస్తుంది, ఒళ్ళంతా చూపితే ఆట తెలుస్తుంది. హాలీవుడ్ నర్తకుడు ఫ్రెడ్ ఆస్టేర్ తన నాట్యాన్ని తల నుంచి పాదం దాకా, ఎక్కువ ముక్కలు చేయకుండా తీయాలని పట్టుబట్టేవాడు. మన నాటు నాటు పాటే చూడండి. 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, అధ్యక్ష భవనం ఎదుట తీశారు. నృత్యం ప్రేమ్ రక్షిత్, ఛాయాగ్రహణం సెంథిల్ కుమార్. 2023లో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ బహుమతి సంగీత సాహిత్యాలకే ఇచ్చారనుకోండి. కాని ఇద్దరు హీరోల కాళ్ళు ఒక్కసారే లేచి ఒక్కసారే దిగడం నిలువెత్తున కనబడకపోతే ఆ పాట మన కళ్ళలో నిలిచేదా?

మన తప్పెటగుళ్ళ సంగతి కూడా అంతే. గుండె మీద రేకు తప్పెట, కాలికి మువ్వలు. చేతులు తప్పెట మీద ఒక పలుకు పలికిస్తే పాదాలు దానికి బదులు చెబుతాయి. కెమెరా ముఖాల మీదే తచ్చాడితే సగం తాళం పోయినట్టే. మన్యంలో థింసా ఆడే ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా కదులుతారు. అందులో అందం ఏ ఒక్కరిదీ కాదు, ఆ గొలుసుది. ఒక అందమైన ముఖాన్ని ఏరుకుని దాని చుట్టూ తిరిగే కెమెరా ఆ గొలుసును తెంపేస్తుంది. అడుగు కుదరని చోట గబగబా ముక్కలు మార్చి కప్పిపుచ్చడం కూడా మామూలే. కనుక మూడేసి సెకన్లకు బొమ్మ మారిపోతుంటే, ఆట చూపిస్తున్నారా, దాస్తున్నారా అని ఒక్కసారి అనుమానించండి.

మూడోది ఎత్తు. విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. జనంలో నిలబడి తలెత్తి చూసినప్పుడు మాను చివర కూర్చున్న పూజారి ఆకాశంలో ఉన్నట్టే కనిపిస్తాడు. అదే దృశ్యాన్ని మేడ మీంచో, ఈమధ్య వస్తున్న డ్రోన్ మీంచో చూస్తే జనసముద్రం కనిపిస్తుంది, మాను చిన్న పుల్లవుతుంది. కెమెరా కిందనుంచి చూస్తే మనిషి పెద్దవుతాడు, పైనుంచి చూస్తే చిన్నవుతాడు. కళ్ళ ఎత్తున పెడితే మనతో సమానమవుతాడు.

అసలు మనం పట్టించుకోవలసింది ఇక్కడే ఉంది, తల్లులారా. పాటలో అబ్బాయి వస్తే కెమెరా అతని ముఖం చూస్తుంది. అమ్మాయి వస్తే ఆ లెన్సు ఎక్కడికి దిగుతోంది? నడుముకా, అంతకన్నా మరోచోటికా? ముఖమే లేని ముక్కలుగా చూపితే ఆమె ఆడుతున్న మనిషి గాక, అంగట్లో పెట్టిన సరుకవుతుంది. పాటలో ఒక్క బూతు మాట లేకపోయినా మనకు ఇబ్బందిగా తోచడానికి కారణం అదే. లోపం ఆ పిల్లది కాదు, లెన్సును అక్కడ పెట్టినవాడిది. మనం మాత్రం తిట్టేది పిల్లని!

నాలుగోది వెలుతురు. మార్చిలోను, అక్టోబరులోను కొన్ని ఉదయాలు అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయని రాష్ట్రం నలుమూలల నుంచి జనం వస్తారు. తక్కువ ఎత్తు నుంచి ఏటవాలుగా వచ్చే లేత వెలుగు అంత మహిమ గలది. పాటలు తీసేవారు తెల్లవారగట్లా, సాయంత్రం పూటా పరుగులు పెట్టేది దానికోసమే. నడినెత్తి ఎండలో కళ్ళ కింద నల్లటి గుంటలు పడతాయి. ఇక 1957 నాటి ‘మాయాబజార్’లో పడవ మీది వెన్నెల పాట చూసి మురిసిపోని తెలుగిల్లాలు ఉందా? అది చందమామ ఇచ్చిన వెన్నెల కాదు సుమా! మార్కస్ బార్ట్లే అనే ఛాయాగ్రాహకుడు కల్పించిన భ్రమ.

వేగం గురించి కూడా ఒక ముచ్చట చెబుతాను. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. 48 తీసి, తెర మీద 24 చొప్పున చూపితే కదలిక సగానికి నెమ్మదిస్తుంది. మరి పెదవులో? చిత్రీకరణ వేళ పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తారు. నటి ఆ గబగబ పాటకే పెదవులు కదుపుతుంది. తెరమీదికి వచ్చేసరికి పెదవులు అసలు పాటతో సరిపోతాయి, కొంగు మాత్రం మబ్బులా తేలుతుంది!

ఇదంతా మనకెందుకంటారా? రెండు పనులకు.

ఒకటి. ఈనాడు ఊరూరా పాటలు తీస్తున్నారు. మీ అమ్మాయినో, పక్కింటి అమ్మాయినో ఆడమని ఎవరో వచ్చి అడుగుతారు. వద్దనడం తేలిక. గడప దాటనివ్వకపోతే పిల్ల కుములుతుంది, దాని కళ కూడా ఇంట్లోనే చచ్చిపోతుంది. సరేననడమూ తేలికే, కాని అడిగి సరేననండి. పాట ముందుగా వినిపిస్తారా? బట్టలు ఎవరు నిర్ణయిస్తారు? తీసిన బొమ్మ అక్కడికక్కడే చూపిస్తారా? అతికిన పాటను బయట పెట్టకముందు మాకు చూపిస్తారా? సంతకం దేనికి? డబ్బెంత? మంచివారైతే ఈ మాటలకు నొచ్చుకోరు. నొచ్చుకున్నవారి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. అనుమతి లేకుండా పిల్ల బొమ్మల్ని వక్రంగా వాడితే, నలుగురూ ఏమంటారోనని మూల కూర్చోవద్దు. సైబర్ నేరాలపై ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది.

రెండోది ఇంకా మనసుకు దగ్గరది. మీ అత్తగారికో, అమ్మమ్మగారికో దంపుళ్ళ పాటలు, ఊడుపు పాటలు, పెళ్ళిపాటలు వచ్చి ఉంటాయి. రోళ్ళు పోయాయి, నాట్లకు యంత్రాలు వచ్చాయి. ఆ పాటలు ఇప్పుడు ఆ ముసలి గొంతుల్లోనే ఉన్నాయి. “ఏటమ్మా, నా పాట ఎవులింటారే?” అని ఆవిడ సిగ్గుపడుతుంది. మీరు వినండి, ఫోనులో తీయండి.

కిటికీ వెలుగు ఆవిడ ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. కిటికీ వెనకాల ఉంటే ముఖం నల్లబడుతుంది. ఫ్యాను ఆపండి, కుక్కరు దించండి. ఫోను అడ్డంగా, ఆవిడ కళ్ళ ఎత్తున, కదలకుండా దేనికైనా ఆనించండి. మరీ దగ్గర పెడితే ముక్కు పెద్దదై ముఖం వికారంగా కనబడుతుంది. ఒకటి రెండు గజాలు వెనక్కి జరగండి. ఒకసారి చేతులు కూడా కనబడేలా తీయండి, ఎందుకంటే దంపుడు పాటకు తాళం చేతుల్లోనే ఉంది. మరోసారి ముఖం మాత్రం తీయండి. మధ్యలో మరిచిపోయి ఆగితే ఆపేయకండి, ఆ గుర్తు తెచ్చుకోవడం కూడా పాటలో భాగమే. చివర ఆవిడ పేరు, పుట్టిన ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చిందీ ఆవిడ నోటనే చెప్పించండి. నలుగురికీ పంపే ముందు ఆవిడ అనుమతి అడగడం మాత్రం మరువకండి.

లక్షలు పోసి తీసిన పాటల్లో ఆవిడ అడుగూ పొడుగూ లేకపోవచ్చు. ఆవిడ పాటను ఆవిడకు తగిన గౌరవంతో చూడగలిగే కన్ను మీ ఇంట్లోనే ఉంది. ఈ ఆదివారం మధ్యాహ్నం వంట పని ముగిశాక ఒక్క అరగంట తీరిక చేసుకోండి. కొన్ని పాటలకు వచ్చే ఆదివారం ఉండకపోవచ్చు.

సెలవు.