చాటింపు మన వాడలో వినపడాలె

(కార్యకర్తల సమావేశంలో ఒక టీచర్ చేసిన ప్రసంగ పాఠం)



ఫ్యాక్టరీ వస్తది, గని వస్తది. ఎవరి పక్కన వస్తది? దొర బంగళా పక్కన రాదు. మన వాడ పక్కన, మన అసైన్డు చెల్కల పక్కన వస్తది. దుమ్ము మన గింజల మీద పడ్తది, పేలుళ్లకు మన గోడలు పగుల్తయి. అనుమతి ఇచ్చే ముందు చుట్టుపక్కల జనానికి చెప్పి, వాళ్ల మాట వినాలని నియమం ఉంది. కానీ చెప్పేది ఎవరికి? ఇవాళ మాట్లాడవలసింది ఈ ముచ్చటే.

పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 1997లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. 2006 నోటిఫికేషన్ దాని పద్ధతి రాసింది. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి. ముసాయిదా నివేదిక కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో జనం చూసేటట్టు పెట్టాలి. దాని సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. పత్రికలు చేరని చోట డప్పు చాటింపు వేయించాలని కూడా అందులోనే ఉంది.

ఇక్కడ ఆలోచించండి. తరతరాలుగా ఊరందరికీ చాటింపు వేసింది ఎవరు? మన తాతలే గదా! ఊరి కబురు మోసినోళ్ల వాడకు ఊరి కబురు రాకపోవడం ఏం న్యాయం? చదువు రానోడి చేతిలో పేపర్ పెడితే కబురు చేరినట్టా?

"మీకు భూమి ఎక్కడిది, మీకెందుకు చెప్పాలె" అంటరు. ఆ మాట చెల్లదు. సభలో మాట్లాడడానికి పట్టా పాసుబుక్కు చూపాలని ఎక్కడా లేదు. 2013 భూసేకరణ చట్టం కూడా భూమి లేని కూలీల, కౌలుదార్ల కుటుంబాలను బాధిత కుటుంబాల లెక్కలో చేర్చింది. సేకరణకు మూడేళ్ల ముందు నుంచి అక్కడ పని చేసుకొని బతుకుతుండాలి, అంతే. గాలి, నీళ్లు పాసుబుక్కు చూసి పాడుకావు.

కొన్నిటికి ఈ సభ ఉండదు. భవన నిర్మాణాలకు, బి2 తరగతి ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చిండ్రు. కాబట్టి మనూరికి వచ్చేది ఏ తరగతిదో మొదలే అడగాలె. 2020 ముసాయిదాలో 30 రోజుల గడువును 20కి కుదించాలని చూసిండ్రు. ఉన్న హక్కు వాడుకోకపోతే అది కూడా కోసేస్తరు.

ఏం చేయాలె? వాడకొక పిల్లనో పిల్లగాడినో పెట్టి, పేపర్లో ప్రకటనలు రోజూ చూపియ్యాలె. సారాంశం తెచ్చి వాడలో బిగ్గరగా చదివించాలె. అందులో మన వాడ, మన బోరు, మన శ్మశానం ఉన్నయో లేవో చూడాలె. లేకుంటే అదే మొదటి అభ్యంతరం. అభ్యంతరం నోటితో చెప్పి, కాగితం మీద కూడా ఇచ్చి రశీదు తీసుకోవాలె.

ఇంకోటి గట్టిగ గుర్తుపెట్టుకోండి. సభకు కోరం లేదు. మనం పోకున్నా నడిపిస్తరు, జరిగిందని రాసుకుంటరు. అందుకే కూలి పోయినా సరే, ఆ ఒక్క పూట పోవాలె. హాజరు సంతకం ఒప్పుకోలు కాదని అక్కడే చెప్పాలె. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. చివరికి మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలె, అదే రోజు అధికారి సంతకం పెట్టాలె. అది అయ్యేదాకా ఎవరూ లేవొద్దు.

ఇన్నాళ్లు ఊరి కోసం కొట్టినం. ఇక మన కబురు మనమే చాటుకుందాం. జై భీం!