అంగడికి పోవుటకు ముందు



ఇంటి చెత్తను గూర్చి ప్రసంగము వచ్చినప్పుడు మనము సాధారణముగా చీపురును గూర్చియు, పెంటకుప్పను గూర్చియు మాటలాడుదుము. నేను నేడు వానిని విడిచి, అంగడికి పట్టుకొనిపోవు సంచిని గూర్చి మనవి చేయుదును. చెత్త యింటినుండి వెడలవలెనన్న ముందుగా ఇంటిలోనికి రావలెను గదా! అది వచ్చు త్రోవ యంగడి. మనము ధర యిచ్చి, మోసికొని తెచ్చినదే మఱునాడు పెరటి గోడ కావల పడుచున్నది.

పాతంజల యోగసూత్రములయందు అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అని యమము లైదు చెప్పబడినవి. తుదిదియగు అపరిగ్రహమనగా అక్కఱకు మించినదానిని గ్రహింపకుండుట. పాఠశాలలో ఈ పదమునకు అర్థము చెప్పునపుడు నేనొక విశేషమును బాలురకు చూపుచుండెడివాడను. పూర్వులు నిగ్రహమును పాఱవేయు చోట నుంచలేదు. చేయి చాచి పుచ్చుకొను చోట నుంచిరి. గృహస్థునకు అట్టి చోటు అంగడియే.

మన తాతలనాటి యింటను చెత్త లేకపోలేదు. ఊక, బూడిద, కూరతొక్కలు, ఎంగిలి విస్తళ్లు ఉండెడివి. కాని వానిలో కొన్ని పశువు తినును, తక్కినవి భూమి తినును. 1980వ దశకమునుండి షాంపూ మొదలుగా అనేక వస్తువులు చిన్నచిన్న పొట్లములలో పల్లెలకు వచ్చినవి. ఇట్టి పొట్లములలో పెక్కింటిని ప్లాస్టిక్కు పొరలను, అల్యూమినియపు రేకును కలిపి అతికించి చేయుదురు. ఆ పొరలను విడదీయుట కష్టము. కావున పాతసామాను కొనువాడును వానిని ముట్టడు. భూమిలో కుళ్లవు, కాల్చినచో పొగ హానికరము, కాలువలో పడినచో నీరు నిలిచి దోమలు పెరుగును.

మా యూర నొక రైతు పాడియావు మేత మాని, కడుపుబ్బి కొట్టములో కూలబడినది. పశువైద్యుడు కడుపు కోసి చూడగా, ముద్దకట్టిన ప్లాస్టిక్కు సంచులు బుట్టెడు వెడలినవి. ఆవునకు సంచి రుచి గాదు. సంచిలో ముడివేసి పాఱవేసిన తొక్కలు, చద్దియన్నము రుచి. ముడి విప్పుకొన నేరదు గావున సంచితో గూడ మ్రింగును. ఆ యావు బ్రదుకలేదు. వెడలిన సంచులలో ఏది యే యింటిదో చెప్పగలవా రెవ్వరును లేరు.

ఇక చేయదగిన దేమి? మూడు మాటలు చెప్పెదను.

మొదటిది, అంగడికి పోవుటకు ముందు ఇంటిలోని డబ్బాల మూతలు తీసి చూడుడు. ఉన్నదేదో, లేనిదేదో చీటి వ్రాసికొనుడు. ప్రాత కందిపప్పు అడుగున నుండగా దానిపై క్రొత్తపప్పు పోసినచో, అడుగుది పుచ్చి పైదానిని గూడ చెఱచును. ప్రాతది వాడి, డబ్బాను ఎండబెట్టి, పిమ్మట క్రొత్తది పోయవలెను.

రెండవది, ప్రతివస్తువునకును దాని కాలమును గుర్తింపుడు. చింతపండు, ఎండుమిరప, కందులు పంటకాలమున కొని బాగుగా ఎండబెట్టినచో ఏటికి నిలుచును. ఉల్లి, బంగాళాదుంప వారమునకు సరిపడ తెచ్చుకొనవచ్చును. ఆకుకూర ఆనాటికే. ఒక లెక్క వినుడు. సంతలో కిలో 20 రూపాయలని 5 కిలోల టమాటలు కొంటిమి, 100 రూపాయలైనది. అందు 2 కిలోలు కుళ్లిపోయినవి. తిన్న 3 కిలోలకు కిలో 33 రూపాయలు పైగా పడినది. కావలసిన 3 కిలోలే, కిలో 25 చొప్పున కొన్నను, 75 రూపాయలతో తీరిపోయెడిది. చవుక యనునది త్రాసులో తేలదు. వంట ముగిసిన తరువాత తేలును.

పొట్లములపై తేదీని గూడ చదువవలెను. ఆ తేదీవఱకు గుణము చక్కగా నుండునని చెప్పునది యొకటి. ఆ తేదీ దాటిన వాడరాదని చెప్పునది వేఱొకటి. మొదటి విధపు తేదీ దాటినంతనే వస్తువు విషము కాదు, పరీక్షించి వాడవచ్చును. రెండవ విధపు తేదీ దాటినదానిని తినరాదు.

మూడవది, వట్టి చేతులతో అంగడికి పోకుడు. గుడ్డసంచి తీసికొనిపొండు. 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టిక్కు సంచులను ప్రభుత్వము 2022 డిసెంబరు 31నుండి నిషేధించినది. అయినను అవి దొరకుచునే యున్నవి. కొనువాడు సంచి తేనంతకాలము అమ్మువాడు ఇచ్చుట మానడు.

ఇచ్చట నొక యాక్షేపణ గలదు. దినకూలితో బ్రదుకువాడు నెలసరుకు ఒక్కమాఱు కొనగలడా? కొనలేడు. అతడు రెండు రూపాయల పొట్లము కొనుట దోషము గాదు. కొన్ని వస్తువులలో సీసాకంటె పొట్లమే చవుకగా నుండుటయు గలదు. కావున అతనిని నిందింపక, పప్పు, బెల్లము, మిరప మొదలగువానిని విడిగా తూచి, కొనువాని సంచిలోనే పోయుమని దుకాణదారునితో చెప్పుట గ్రామపెద్దల పని. మీ మాటను అతడు త్రోసివేయడు.

మీ చేతిలో మఱియొక పని గలదు. ప్లాస్టిక్కు పళ్లెములను, గ్లాసులను, చెంచాలను 2022 జూలై 1నుండి నిషేధించిరి. అయినను పెండ్లి విందు ముగిసిన మఱునాడు పందిరి వెనుక చూచినచో ఆ నిషేధము గుర్తునకు రాదు. ఊరందఱును తలకొంత వేసికొని 300 స్టీలు గ్లాసులను, వడ్డన గిన్నెలను కొని, పంచాయతిలోనో దేవాలయములోనో భద్రపఱచి, శుభకార్యములకు ఎరవిచ్చినచో, పేదయింటి పెండ్లికి గ్లాసుల ఖర్చు తప్పును. భోజనమునకు అరటియాకులును, మోదుగాకు విస్తళ్లును ఉండనే యున్నవి. తిన్న పిమ్మట ఆ యాకును ఆవు తిన్నను భయము లేదు.

రాబోవు పెండ్లిండ్ల కాలమునకు ముందే ఈ విషయమును రచ్చబండ దగ్గఱ ప్రస్తావింపుడని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.