పిల్లది నెగెటివ్ అయితే పెళ్లి ఆగాలా?



పెళ్లి సంబంధాల కాగితాల్లో ఇప్పుడు గోత్రం, నక్షత్రం, చదువు అయ్యాక ఇంకో వరుస కనబడుతోంది. రక్తం గ్రూపు. రాసుకోవడం మంచిదే. దాని అర్థం తెలియకుండా చదివితే మాత్రం కుజదోషానికి తోడు ఇంకో దోషం కొని తెచ్చుకున్నట్టే. మా హుజూర్‌నగర్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో మాటలన్నీ అయిపోయి, ముహూర్తం పెట్టుకుందామనుకునే వేళకు మగపెళ్లివారి తరఫు పెద్దావిడ, "పిల్లకు ఓ నెగెటివట గదా, ఆ రక్తం యాడ దొరుకుతది? రేపు కాన్పుల ఏమన్నయితే ఎవరు జవాబు?" అంది. అంతే, సంబంధం తప్పిపోయింది. పిల్ల తల్లి నా దగ్గరికొచ్చి, "వదినె, నా బిడ్డ రక్తంల ఏం దోషమున్నది?" అని అడిగింది.

దోషమేమీ లేదు. ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతాను.

రక్తంలో రకాలున్నాయని వియన్నా నగరంలో కార్ల్ లాండ్‌స్టైనర్ అనే డాక్టరు 1901లో లోకానికి చెప్పాడు. ఎ, బి, ఓ తెలిసిన మరుసటి ఏడే ఎబి కూడా తేలింది. ఈ రకాలు అన్ని దేశాల్లోనూ ఒకే పాళ్లలో ఉండవని పట్టుకున్నది మాత్రం పోలెండు దేశపు దంపతులు, లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్, హన్నా హిర్ష్‌ఫెల్డ్. ఆమె పిల్లల డాక్టరు. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్రీసు దేశపు సలోనికా రేవులో నానాదేశాల సైన్యాలూ దిగి ఉండగా, ఇద్దరూ కలిసి దాదాపు 8,000 మంది రక్తం పరీక్ష చేశారు. 1919లో అచ్చయిన ఆ లెక్కల్లో బి గ్రూపువాళ్లు ఇంగ్లీషువారిలో నూటికి 7గురు, మన దేశపు సిపాయిల్లో 41 మంది! తర్వాత తీసిన లెక్కల్లో ఆ సంఖ్య కొంత తగ్గినా, ఈనాటికీ మన దేశంలో ముగ్గురిలో ఇంచుమించు ఒకరిది బి గ్రూపే. అదే దక్షిణ అమెరికా ఆదివాసుల్లో చూస్తే దాదాపు అందరిదీ ఓ. మనకు చింతపండు దొరికినంత సులువుగా బి రక్తం దొరుకుతుందని అనను గానీ, లండన్‌లో వెతుక్కునేవారి కన్నా మన పని నయం.

ఇక పాజిటివ్, నెగెటివ్ అన్న మాట 1940లో వచ్చింది. లాండ్‌స్టైనరూ, వీనర్ అనే మరొకాయనా రీసస్ జాతి కోతుల రక్తంతో పరీక్షలు చేస్తుండగా తేలింది కనుక దానికి ఆర్‌హెచ్ అని పేరు. ఆ పదార్థం మన రక్తకణాల మీద ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. లేనందువల్ల మనిషి ఒంటికి వీసమెత్తు లోటు రాదు. యూరపులో నూటికి 15 మంది నెగెటివ్‌లే. స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దు కొండల్లోని బాస్క్ జాతివారిలో నూటికి 30 మంది దాకా ఉంటారు. చైనా, జపానుల్లో ఒక్కరు కూడా కష్టమే. మనలో అయిదుగురు. ఈ పిల్లే బాస్క్‌వారి ఇంట్లో పుట్టి ఉంటే ఆ పెద్దావిడ మాట ఎవరికీ అర్థమయ్యేదే కాదు!

అయితే జాగ్రత్త అక్కర్లేదా అంటే, అవసరమే. తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయితే కడుపులో బిడ్డ పాజిటివ్ కావచ్చు. కాన్పు సమయంలో ఆ బిడ్డ రక్తం కాస్త తల్లి ఒంట్లో కలిస్తే, తల్లి శరీరం దాన్ని పరాయిదనుకుని విరుగుడు తయారుచేసుకుంటుంది. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తరువాతి పాజిటివ్ బిడ్డ రక్తాన్ని ఆ విరుగుడు విరిచేస్తుంది. పూర్వం మన ఇళ్లల్లో "తొలిచూలు నిలిచింది, తరవాతివన్నీ పోయినయి, ఎవరి దిష్టో" అనుకున్న వాటిలో కొన్ని ఇలాంటివే అయి ఉంటాయి. 1968 నుంచి దీనికి యాంటీ‌-డి అనే ఇంజెక్షను ఉంది. ఏడో నెల ప్రాంతంలో ఒకటి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోగా ఒకటి ఇస్తారు. గర్భం పోయినప్పుడు కూడా డాక్టరును అడిగి వేయించుకోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు. విరుగుడు ఒకసారి పుట్టాక ఇంజెక్షను పనిచేయదు, అంచేత నెల తప్పగానే రక్తం గ్రూపు చూపించుకోవాలి. భర్తది కూడా నెగెటివ్ అయితే ఈ బాధే లేదు.

"ఇద్దరిదీ ఒకే గ్రూపైతే పిల్లలు పుట్టరట" అని ఇంకొక మాట తిరుగుతోంది. అది వట్టిది. తల్లిది ఎ, తండ్రిది బి అయి, బిడ్డది ఓ అని తేలితే అత్తగారి కళ్లు కోడలి మీదికి పోతాయి. పోనక్కర్లేదు. అటువంటి దంపతులకు నాలుగు గ్రూపుల్లో ఏదైనా రావచ్చు.

నిజంగా అరుదైన గ్రూపు ఒకటుంది. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన తోటివారు కనుక్కున్నారు కనుక దాన్ని బాంబే గ్రూపు అంటారు. మన దేశంలో పదివేల మందిలో ఒకరు, యూరపులో పదిలక్షల్లో ఒకరు. మామూలు పరీక్షలో ఓ అనే కనబడుతుంది, కానీ ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ లక్షణం వస్తేనే బిడ్డకు ఈ గ్రూపు వస్తుంది. అది బయటికి కనబడకుండా ఒకే వంశంలో దాగి ఉండవచ్చు కాబట్టి, మేనరికాల్లో ఇద్దరి నుంచీ వచ్చే అవకాశం ఎక్కువ. సంబంధం చూసేటప్పుడు ఆలోచించాల్సింది ఏదైనా ఉంటే ఇది. చిత్రమేమంటే, మేనమామ కొడుకు అనేసరికి మనవాళ్లు గ్రూపు మాటే ఎత్తరు!

ఓ నెగెటివ్ మనలో నూటికి ఇద్దరు. వాళ్లకు ఓ నెగెటివే ఎక్కించాలి. కనుక ఇంట్లో నెగెటివ్ ఉన్న ఆడపిల్లకు నెలలు నిండక ముందే ఆస్పత్రిలో చెప్పి ఉంచండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల గ్రూపులు రాసి పెట్టుకోండి, వాళ్లలో నెగెటివ్ దొరకడానికి వీలెక్కువ. రక్తం ఇవ్వడం మగవాళ్ల పనే అనుకోవద్దు. కాన్పు, బాలింతతనం లేని రోజుల్లో మనమూ నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. బరువు 45 కిలోలుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మన ఇళ్లల్లో ఆడవాళ్లకు ఈ రెండోదే అడ్డం వస్తోంది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే అలవాటున్నన్నాళ్లూ అది రాదు.