పనిభారం

పనిభారమనే మాట ఈనాడు కార్యాలయాలలో విరివిగా వినవస్తున్నది. నిర్ణీత కాలంలో ఒక మనిషిపై పడే పని మొత్తమని దాని అర్థం. భారమంటే బరువు గదా. మరి పనిని ఏ త్రాసులో తూచడం?

గంటలతో తూచడం ఒక పద్ధతి. 1948 నాటి కర్మాగారాల చట్టం వయోజన కార్మికునికి వారానికి 48 గంటల మితి విధించింది. అయితే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు మాగాణులను తలచుకోండి. కృష్ణ కాలువలకు నీరు రాగానే నాట్లన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. బురదలో నడుము వంచి నారు నాటే స్త్రీకి తరచు ఎకరం లెక్కన గుత్త కూలి. ఆ లెక్కలో నడుము నొప్పి చేరదు. తెల్లవారకముందు వండిన వంట, చీకటిపడ్డాక తోమిన గిన్నెలు అసలే చేరవు.

ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వే తేల్చింది.

కూలి ఎకరాన్ని కొలుస్తుంది. భారం మోసేది మనిషి. కనుక పనిభారమన్నప్పుడు పొలం పనితోబాటు ఇంటిపనిని కూడ లెక్కించడం న్యాయం. లెక్కకు వచ్చిన బరువునే గదా నలుగురూ పంచుకోగలిగేది!